మూతలో నీళ్లు

నా కుడిచేతి చూపుడు వేలికి సిగ్గు లేదు. ఇంత చదివాక, ఇన్నేళ్లు ల్యాబులో పనిచేశాక, ఇంత జరిగాక కూడా సన్నటి వస్తువు ఏది పట్టుకోవాలన్నా అది ముందు నాలుక దగ్గరికే పోతుంది. పుస్తకంలో పేజీ తిప్పాలన్నా అంతే, కూరగాయల బండి దగ్గర ప్లాస్టిక్ సంచి నోరు విప్పాలన్నా అంతే. అందుకే ల్యాబులో అడుగు పెట్టగానే ముక్కూ నోరూ కలిపి మాస్కు కట్టేసుకుంటాను. జబ్బుల భయం అనుకుంటారు పక్కవాళ్లు. నేను కాదనను.

ఆ వేలికి ఆ అలవాటు నేర్పినవాడు ఒక పెద్దమనిషి. ఆ వేలి వల్లే ఆయన ఉద్యోగం పోయింది. పోతున్నప్పుడు నేను అదే గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాను. విషయం ఇంతే గానీ, ఇంత పొట్టిగా చెప్పి ఊరుకుంటే మళ్లీ తప్పించుకున్నట్టే అవుతుంది. తప్పించుకోవడంలో నాకు మంచి అనుభవం ఉంది కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

మేం సూరత్‌లో ఉధ్నాలో ఉండేవాళ్లం. మా నాన్న సిరిసిల్ల వైపు పల్లెనుంచి వచ్చి మరమగ్గాల మీద పనిచేసేవాడు. మా ఇళ్లల్లో వాటిని సాంచెలంటారు. మా గల్లీలో సగం మంది తెలంగాణ వాళ్లే. మా పక్క గదిలో ఉండేవాడు కాకా. రక్తసంబంధం ఏమీ లేదు. నాన్నా ఆయనా ఒకే రైల్లో ఒకే పెట్టె మీద కూర్చుని వచ్చారట, ఆ ప్రయాణంలోనే ఆయన నాన్నకు తమ్ముడయ్యాడు. ఆ లెక్కన నాకు కాకా అయ్యాడు.

కాకా పని బీములు అతకడం. బీమంటే పడుగు దారాలు చుట్టిన పెద్ద ఇనుప రోలు. పాత బీము అయిపోయి కొత్తది ఎక్కించినప్పుడు, పాత దారాల కొసలకు కొత్త దారాల కొసలు ఒక్కొక్కటే కలిపి వేళ్లతో మెలిపెట్టాలి. ఒకటి కాదు, పది కాదు, వేల దారాలు. ఒక్కటి తప్పితే బట్ట పొడుగునా గీత పడుతుంది. నేను నాన్నకు అన్నం డబ్బా పట్టుకుపోయినప్పుడల్లా కాకా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. సాంచెల చప్పుడులో మాటలు వినపడవు కాబట్టి ఆయన చెప్పేదంతా చెవి దగ్గరికి వంగి చెప్పేవాడు.

"ఏలు జర తడి చేస్కో బిడ్డా. నాలిక కొసకు ఆనిచ్చి తియ్యాలె, అంతే. చప్పరించుడు కాదు."

పొడి వేలికి పాలిస్టర్ పోగు దొరకదు, జారిపోతుంది. వేలు కాస్త తడిగా ఉంటే దారం తనంతట తాను వచ్చి అంటుకుంటుంది. రెండు రోజుల్లో నేర్చేసుకున్నాను. అయితే నాకు నాలుక చూపించిన కాకా తను మాత్రం వేలు నోటి దాకా తెచ్చేవాడు కాదు. ఆయన మోకాలి పక్కన ఒక స్టీలు డబ్బా మూత బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి ఉండేది, అందులో నీళ్లు. ప్రతి నాలుగైదు దారాలకూ ఒకసారి ఆ మూతలో వేలు ముంచేవాడు.

"నువ్వెందుకు నాలుకకు పెట్టవు కాకా?" అని అడిగాను ఒకరోజు.

"నాది మావా నోరు బిడ్డా," అన్నాడు. మావా అంటే వక్కా సున్నం పొగాకూ కలిపి నలిపిన ముద్ద, సూరత్‌లో సగం మంది మగవాళ్ల బుగ్గలో ఉంటుంది. "ఎర్ర ఉమ్మి. తెల్ల దారానికి తాకిందా, మచ్చ పడ్తది. బట్ట తాన్ మొత్తం వాపస్ వస్తది. మావా తినేటోడు పనికాడ ఏలు నోట్లె పెట్టడు. పెట్టిండంటే వాడు పనోడే కాదు. నీది సాఫ్ నోరు, నువ్వు పెట్టుకో."

ఈ మాట మా గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మావా నమిలే అతుకుడు పనివాళ్లందరి దగ్గరా ఏదో ఒక మూత ఉండేది. కాకాకు అది ఎంత అలవాటంటే, ఇంట్లో నోట్లు లెక్కపెట్టాల్సి వచ్చినా వేలు నీళ్ల గ్లాసు వైపే పోయేది. నేను నవ్వేదాన్ని.

నేను చదువుకున్నాను. మా గల్లీలో ఆడపిల్ల ఎమ్మెస్సీ దాకా పోవడం అదే మొదలు. సూరత్ పక్కనే ఇచ్ఛాపూర్‌లో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ప్రొటీన్లలో ఎమినో ఆమ్లాల వరస కనిపెట్టి చెప్పడం అక్కడ మా పని.

ఇది కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ప్రొటీనంటే ఇరవై రకాల ఎమినో ఆమ్లాలు ఒకదాని వెనక ఒకటి అతుక్కున్న పొడుగాటి గొలుసు. ఏది ముందు, ఏది వెనక అన్న వరసను బట్టే అది ఏ ప్రొటీనో తెలుస్తుంది. వరస చదవడానికి మా దగ్గర రెండు మిషన్లు ఉండేవి. పాతది మొదటి కొస నుంచి చదివేది. కొసనున్న ఎమినో ఆమ్లానికి ఒక రసాయనం తగిలిస్తుంది, దాన్నొక్కదాన్నే తుంచుతుంది, అదేమిటో గుర్తుపడుతుంది, తర్వాత కొసకు వచ్చినదాన్ని తుంచుతుంది. ముప్పై నలభై దాకా నెమ్మదిగా, నమ్మకంగా చదువుతుంది, ఆపైన తడబడుతుంది. ముసలి మాస్టారి వరస. కొన్ని ప్రొటీన్లకు మొదటి కొస మూసుకుపోయి ఉంటుంది. అలాంటివి పక్కనే ఉన్నా వాటి సంగతి దానికి తెలియనే తెలియదు.

కొత్త మిషన్ దారి వేరు. ముందు ట్రిప్సిన్ అనే ఎంజైముతో ప్రొటీన్‌ను ముక్కలు చేయాలి. ఆ ముక్కల బరువులు తూచి, వాటిని ఇంకా విరగ్గొట్టి మళ్లీ తూచి, ఆ బరువులను బట్టి వరస పోల్చుకుంటుంది. దానికి కొస తెరిచి ఉందా మూసి ఉందా అన్న పట్టింపు లేదు. దాని కన్ను మహా చెడ్డది. చర్మం పొట్టు రాలినా, వెంట్రుక పడినా, స్వెటర్ నూగు పడినా ఆ ప్రొటీన్ పేరు కూడా తెచ్చి రిపోర్టులో పెడుతుంది. చాడీలు చెప్పే తోడికోడలంత నిక్కచ్చి.

ల్యాబులో నా తోటివాళ్లు అడాజణ్, వేసూ లాంటి డబ్బున్న పేటలనుంచి వచ్చేవాళ్లు. "మీ నాన్నగారేం చేస్తారు?" అని అడిగితే "టెక్స్‌టైల్ లైన్" అన్నాను. సూరత్‌లో టెక్స్‌టైల్ లైన్ అంటే మార్కెట్లో ఏసీ దుకాణం ఉన్న సేఠూ కావచ్చు, ఉధ్నాలో బనీను పిండుకుంటున్న మా నాన్నా కావచ్చు. వాళ్లు సేఠునే అనుకున్నారు. కంపెనీ బస్సు మా గల్లీ చివరనుంచే పోయేది. నేను మాత్రం ఆటోలో రెండు స్టాపులు అవతలికి పోయి అక్కడ ఎక్కేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. అప్పుడు మాత్రం అదేదో పెద్ద తెలివి అనుకున్నాను.

ఇంతలో దారాలు అతికే మిషన్లు వచ్చాయి. కాకా కళ్లు కూడా మసకబారాయి. పని దొరకడం మానేసింది. మా అమ్మ రోజూ నా ప్రాణం తీసేది.

"మీ ఆఫీసుల ఏదన్న సూడరాదే. కాకా ఊకె కూసుంటే ఆగమైతడు."

అప్పుడే ల్యాబులో గాజుసామాను కడిగే మనిషి కావాల్సి వచ్చింది. మా పెద్దసారు దగ్గరికి పోయి "తెలిసినవాళ్లు ఎవరో ఒక పెద్దాయన ఉన్నాడని చెప్పారు" అన్నాను. తెలిసినవాళ్లు ఎవరో! ఉద్యోగం ఇచ్చారు. చేరడానికి ముందురోజు కాకా గదికి పోయి గుమ్మంలో నిలబడే షరతులు చెప్పాను. అక్కడ నాతో తెలుగు మాట్లాడొద్దు. బిడ్డా అని పిలవొద్దు, అందరిలాగే మేడం అను. ఇదంతా గేటు లోపల మాత్రమే కాకా, బయటికి వస్తే మామూలే.

కాకా భార్య చిన్నమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. కాకా మాత్రం లేచి నిలబడి చేతులు కట్టుకుని "అట్లనే మేడం. చాయ్ తాగుతరా మేడం?" అన్నాడు. ముగ్గురం నవ్వాం.

నా అదృష్టం ఏమిటంటే గుజరాతీలో కూడా పెద్దవాళ్లను కాకా అనే పిలుస్తారు. మొదటిరోజే ల్యాబంతా ఆయన్ని కాకా అనడం మొదలుపెట్టింది. నేనూ అన్నాను. నా పిలుపు వేరే అని ఎవరికీ తెలియలేదు. ఆయన పొద్దున్నే మావా పొట్లం గేటు దగ్గర కాపలా మనిషికి అప్పగించి, నోరు పుక్కిలించి లోపలికి వచ్చేవాడు. సాయంత్రం తీసుకునేవాడు. ఆయన కడిగిన గాజుగొట్టం వెలుగులో పెట్టి చూస్తే ఒక్క చుక్క మరక ఉండేది కాదు. పని నేర్చిన చెయ్యి కదా.

ఏడాది గడిచింది. ఒక కంపెనీ వాళ్లు తమ ఎంజైము పంపించారు. నూలు బట్ట నేసేముందు పడుగుకు గంజి పెడతారు, నేశాక ఆ గంజి వదిలించాలి. ఆ పనికి మిల్లుల్లో అమైలేజ్ అనే ఎంజైము వాడతారు, అది గంజిని కరిగించేస్తుంది. వీళ్లది ఏదో సూక్ష్మజీవి నుంచి తీసినది. దాని వరస రెండు మిషన్ల మీదా చదివి రాసివ్వాలి. అమైలేజ్ మనిషి ఉమ్మిలో కూడా ఉంటుంది. అన్నం నమిలేకొద్దీ తియ్యబడేది దానివల్లే. ఈ సంగతి బడిలో అందరం చదువుకున్నదే.

పాత మిషన్ మీద పని చక్కగా అయిపోయింది. కొత్త మిషన్ కోసం ఎంజైమును పల్చటి జెల్ పలకలో పరిగెత్తించి, రంగు వేశాను. నీలం గీత ముద్దుగా వచ్చింది. ఆ గీతను బ్లేడుతో కోసి, ఆవగింజంత ముక్కలు చేసి, చిన్న ట్యూబులో వేసి ట్రిప్సిన్ పోయాలి. ఆ రోజు మధ్యాహ్నం ముక్కలు బ్లేడుకు అంటుకుని ఊడిరాలేదు. గ్లవ్ వేసుకున్న వేలితో తీయబోతే జారిపోతున్నాయి. చిన్న పట్టకారు లాంటి చిమటాతో పడితే చితికిపోతున్నాయి. నాకు విసుగొచ్చింది. నాకు విసుగు తొందరగానే వస్తుంది. కుడిచేతి గ్లవ్ లాగేసి, వేలి కొసతో ముక్కలు ఒక్కొక్కటే ఎత్తి ట్యూబులో వేసేశాను. అరనిమిషంలో అయిపోయింది.

సాయంత్రం బస్సులో కూర్చున్నాక నాలుక కొసన పుల్లగా తగిలింది. మధ్యాహ్నం తిన్న మామిడికాయ తొక్కు అనుకున్నాను.

నాలుగు రోజులకు కొత్త మిషన్ రిపోర్టు వచ్చింది. మొదటి పేరు కంపెనీ వాళ్ల అమైలేజ్. తర్వాత మామూలుగా ఉండే చర్మం ప్రొటీన్లు. వాటి కింద ఇంకో పేరు. మనిషి ఉమ్మిలోని అమైలేజ్. రెండు అమైలేజ్‌ల బరువూ దగ్గర దగ్గరగా ఉంటుంది కాబట్టి అది ఎంజైముతో పాటే వచ్చిందా, మా దగ్గర పడిందా అని జెల్ చూసి చెప్పలేం. కంపెనీ వాళ్లను అడిగితే మా సరుకు శుభ్రం అన్నారు.

పెద్దసారు నన్నూ, నా పక్క టేబులు అతన్నీ గదికి పిలిచారు. రిపోర్టు మా ముందుకు తోశారు.

"ఇది ఉమ్మి," అన్నారు హిందీలో. "మన ల్యాబులో ఎవరిదో ఉమ్మి. ఎవరిది?"

ఆ క్షణంలో నా నాలుక మీద ఆ పులుపు మళ్లీ తగిలింది. జెల్ ఉంచే నీళ్లలో ఆసిటిక్ ఆమ్లం కలుపుతాం. తొక్కు కాదు అది. మొదటి ముక్క ఎత్తాక రెండో ముక్క కోసం వేలు మళ్లీ నాలుకకు ఆనించాను, ఆ తర్వాత మూడోసారీ. ఏలు జర తడి చేస్కో. నాకు అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. అనుమానం లేదు, సందేహం లేదు. అందుకే నాకు క్షమాపణ కూడా లేదు.

"బేన్, మీరు గ్లవ్స్ వేసుకునే చేశారు కదా?" అన్నారు పెద్దసారు. గుజరాత్‌లో ఆడవాళ్లను అలా బేన్, అంటే అక్కా, అనే పిలుస్తారు.

"వేసుకున్నాను సర్," అన్నాను. ఎడమచేతికి వేసుకునే ఉన్నాను మరి.

పక్క టేబులు అతను గొంతు సవరించుకున్నాడు. "సర్, కాకా మావా తింటాడు. ట్యూబులు పెట్టే డబ్బాలు, ట్రేలు అన్నీ కడిగేది ఆయనే. మీద వంగి దగ్గితే చాలు."

కాకాను పిలిచారు. ఆయన తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"కాకా, లోపల మావా తింటున్నావా?"

"లేద్ సాబ్. గేటు కాడ ఇచ్చి వస్త," అని వచ్చీరాని గుజరాతీలో చెప్పి, మళ్లీ చక్కటి హిందీలో చెప్పాడు.

"నోరు తెరువు."

కాకా నోరు తెరిచాడు. అరవై దాటిన మనిషి, ముగ్గురు చదువుకున్నవాళ్ల ముందు, పశువుల సంతలో ఎద్దులాగా నోరు తెరిచి నిలబడ్డాడు. నలభై ఏళ్ల మావా పళ్ల మీద నుంచి ఎక్కడికి పోతుంది? ఎర్రగా, నల్లగా ఉన్నాయి. పెద్దసారు చూసి తల తిప్పుకున్నారు. నేను రిపోర్టులోకి చూస్తున్నాను.

"బేన్, ఈయన్ని తెచ్చింది మీరే కదా. ఎలాంటి మనిషి?"

ఇక్కడ నేను ఒక్క ముక్క చెబితే సరిపోయేది. సర్, ఈయన మా కాకా. బీములు అతికినవాడు. ఈ ల్యాబులో చెయ్యి నోటి దగ్గరికి పోనివాడు ఎవరన్నా ఉంటే ఈయనొక్కడే, ఈయన నోట్ల కట్ట కూడా వేలు నీళ్లతో తడుపుకుని లెక్కపెడతాడు. ఆ వేలు నాది. ఇదంతా నాకు తెలుసు. ఆ గదిలో ఇది తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ. ఆయన నా వైపే చూస్తున్నాడు.

"తెలిసినవాళ్లు చెబితే తెచ్చాను సర్," అన్నాను. "నాకు అంత పరిచయం లేదు."

హిందీలోనే అన్నాను. కాకాకు హిందీ నాకంటే బాగా వచ్చు.

ఆయన ఇంకొంచెం సేపు అలాగే చూసి నోరు మూసుకున్నాడు. రేపటినుంచి రావొద్దన్నారు. ఆయన సింకు దగ్గరికి పోయి, నానబెట్టిన గాజుసామాను అంతా కడిగి, తెల్లగుడ్డ మీద వరసగా బోర్లించి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర మావా పొట్లం తీసుకుని, నోట్లో వేసుకోకుండా జేబులో పెట్టుకున్నాడు.

నేను ఆ పని మళ్లీ చేశాను. ఈసారి మాస్కు కట్టుకున్నాను, రెండు చేతులకూ రెండేసి గ్లవ్స్ వేసుకున్నాను, ఒక్కో ముక్కకూ పది నిమిషాలు పట్టినా ఓపిగ్గా చిమటాతోనే ఎత్తాను. రిపోర్టు కడిగిన ముత్యంలా వచ్చింది. ఉమ్మి మాటే లేదు.

"చూశారా బేన్?" అన్నారు పెద్దసారు. "మనిషి పోయాడు, రిపోర్టు శుభ్రపడింది. ఇంకా ఏం రుజువు కావాలి?"

నా జాగ్రత్త కూడా ఆయన మీద సాక్ష్యమే అయింది. ఉమ్మిలోని అమైలేజ్ మొదటి కొస మూసుకుని ఉండే రకం. పాత మిషన్ కోసం తయారుచేసిన దాంట్లో కూడా నా వేలు ఎన్నిసార్లు తగిలిందో నాకు తెలియదు, దానికీ తెలియదు. కొత్త మిషన్ జరిగిన తప్పును ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరి ఉమ్మి అన్నది మాత్రం అది కూడా చెప్పలేదు. మనిషి ఉమ్మి అని మాత్రం అంది. ఆ మిగతాది చెప్పాల్సింది నేను.

ఇంట్లో అమ్మ అడిగింది. "కాకాను ఎందుకు తీసేసిండ్రే?"

"మావా తిని పని పాడుచేసిండు."

"పనికాడ వాడు ఏలు నోట్లె పెట్టడు గదనే?"

అమ్మ మీద ఇంతెత్తున లేచాను. నీకేం తెలుసు ల్యాబు గురించి అన్నాను, చదువు లేదన్నాను, ఇంకా చాలా అన్నాను. అమ్మ బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. గోడ అవతల కాకా వాళ్ల గది, గోడేమో సగం ఇటుక మందం. ఆ తర్వాత మూడు నెలలకు పట్టుపట్టి ఇల్లు మార్పించాను. ఉధ్నా దుమ్ము నాకు పడదని డాక్టరు చెప్పాడన్నాను. ఏ డాక్టరూ చెప్పలేదు.

ఇల్లు మారితే అయిపోతుందనుకున్నాను. కానీ మా పెద్దసారుకు కథలు చెప్పడం ఇష్టం. కొత్తగా చేరిన పిల్లలకు మొదటిరోజు శిక్షణ ఇచ్చేటప్పుడు ఆయన ఉమ్మి కథ చెప్పడం మొదలుపెట్టారు. ఒక కాకా ఉండేవాడు, మావా తినేవాడు, వద్దంటే వినేవాడు కాదు, ఒకరోజు మిషన్ పట్టేసింది. చెప్పినప్పుడల్లా కాస్త పెరిగేది. మూడో ఏడు చెప్పేసరికి కాకా ట్రే మీదే ఉమ్మేశాడు. పిల్లలు ఛీ అని నవ్వారు. నేను పక్కన కూర్చుని జెల్ కోయడం చూపించడానికి గ్లవ్స్ వేసుకుంటున్నాను. కుడిచేతి గ్లవ్ వేసుకోకుండా టేబులు మీద పెట్టేశాను.

పిల్లలు భోజనానికి పోయాక చెప్పేశాను. అంతా చెప్పాను. వేలు, పులుపు, నీళ్ల మూత, మా నాన్న, ఉధ్నా. ఏడ్చాను కూడా. పెద్దసారు చివరిదాకా విన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. నీళ్లు తాగమని సీసా ఇచ్చారు.

"ఛోడో బేన్, వదిలేయండి," అన్నారు. "ఎప్పటి సంగతి! ఆ రిపోర్టు పోయి, ఆ కంపెనీ వాళ్లు కూడా మర్చిపోయారు. మీరు చిన్నపిల్ల అప్పుడు. పైగా ఆ కథ విని కొత్త పిల్లలు జాగ్రత్తగా ఉంటున్నారు. అది అలాగే ఉండనీయండి."

నాకు ఏ శిక్షా పడలేదు. ఇక శిక్షకు మిగిలింది ఒక్క గుమ్మమే. ఆ ఆదివారం పొద్దున్న ఉధ్నా పోయాను.

గల్లీ మారలేదు. కాకా గది తలుపు తీసే ఉంది. ఆయన నేల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కుట్టుపని చేసిన చీర, పక్కన అలాంటివి ఒక మూట. చీర వెనక వేలాడే దారాలు చిన్న కత్తెరతో కత్తిరిస్తున్నాడు. ఇళ్లకు తెచ్చుకుని ఆడవాళ్లు చేసే పని అది. చూపు ఆనక చీరను ముక్కు దగ్గరికి తెచ్చుకుంటున్నాడు. బుగ్గలో మావా ఉంది. మోకాలి పక్కన స్టీలు మూత, అందులో నీళ్లు. చూపుడు వేలు మూతలో ముంచి, చీర మీద రాసి, లేచిన దారం కొసను పట్టి కత్తిరించాడు.

"కూసో," అన్నాడు. చిన్నమ్మ లోపలినుంచి చూసి చాయ్ పెట్టడానికి పోయింది, పలకరించలేదు.

కూర్చున్నాను. బస్సులో మూడుసార్లు చెప్పుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. "కాకా, ఆ ఉమ్మి నాది," అన్నాను.

"ఎర్కే," అన్నాడు, చీర మీదినుంచి తల ఎత్తకుండానే.

"ఎట్ల ఎరుక?"

"ఆ ఆఫీసుల ఏలు నాలికకు పెట్టే చెయ్యి ఒక్కటే ఉండె. నేర్పిన నాకు ఎర్క ఉండదా?"

"మరి నువ్వెందుకు చెప్పలే కాకా?"

కత్తెర కింద పెట్టాడు. అప్పుడు కోపం కనిపించింది. ఇన్నేళ్లుగా ఆ మొహంలో నేను కోపం చూడలేదు.

"నేను చెప్పాల్నా? నన్ను అడిగిండ్రా? నోరు తెరువుమన్నరు, తెరిసిన. నిన్ను అడిగిండ్రు. మావా తినేటోడు ఏలు నోట్లె పెట్టడని ఆ సాబుకు ఎర్కనా? ఆ పిలగానికి ఎర్కనా? నీకొక్కదానికి ఎర్క. నువ్వు చెప్తవని నిలబడ్డ. ఇయ్యాల చెప్తది, రేపు చెప్తదని ఇంట్ల గూడ ఎదురుసూసిన. గోడకు చెవి పెట్టి ఇన్న బిడ్డా. అమ్మతోని ఏం చెప్పినవో గూడ ఇన్న."

నేను ఆయన కాళ్ల దగ్గర తల పెట్టాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకోలేదు, చెయ్యి కూడా తల మీద పెట్టలేదు. తల ఎత్తి, మొన్న పెద్దసారుకు అంతా చెప్పానన్నాను.

"ఏమన్నడు?"

"ఛోడో అన్నాడు."

కాకా చిన్నగా తల ఊపాడు. కత్తెర తీసుకుని మళ్లీ వేలు మూతలో ముంచాడు. చిన్నమ్మ చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. ఒక్కదానికే పెట్టింది, చుట్టాలకు పెట్టినట్టు సాసర్‌తో సహా. చిన్నప్పుడు ఆ ఇంట్లో నేను కాకా గ్లాసులోంచే తాగేదాన్ని. మొత్తం తాగాను. కత్తెర ఇంకొకటి ఉందా, నేనూ కొన్ని కత్తిరిస్తానన్నాను.

"వద్దు," అన్నాడు. "ఈ చీరలు మచ్చ పడితే వాపస్ వస్తయి."

లేచి గుమ్మం దాటాను. బయట మురుగు మోరీ మీద వేసిన బండ కదులుతోంది, చెప్పులు దాని అవతల ఉన్నాయి. వెనకనుంచి కాకా గొంతు వినిపించింది. ఎప్పటిలాగే మెల్లటి గొంతు, వెటకారం ఏమీ లేదు.

"బండ జర సూస్కొని కాలు పెట్టు మేడం."

గేటు లోపల మాత్రమే అలా పిలవమని చెప్పింది నేనే. అక్కడ ఏ గేటూ లేదు, ఆయన సొంత ఇల్లు అది.